ఆఫీస్ మెయిల్స్ బయటి రిలే గుండా పంపితే సేఫేనా? వెండర్ మాత్రం టీఎల్ఎస్ ఉంది కదా అంటున్నాడు

కాకినాడ_కేబుల్:

అందరికీ నమస్తేనండి. మాది కాకినాడ దగ్గర రొయ్యల ఎక్స్‌పోర్ట్ కంపెనీ, ఐటీ డిపార్ట్‌మెంట్ అంటే నేనూ ఇంకో కుర్రాడూ అంతే. మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఆఫీసులోనే ఉంది, నాకంటే ముందు చేసినాయన పెట్టి వెళ్లిపోయారు, ముట్టుకుంటే ఏమైపోతుందో అని ఎవరం దాని జోలికి పోలేదు. ఇప్పుడు సమస్య ఏంటంటే బయ్యర్లకి పంపే ఇన్‌వాయిస్‌లు ఎక్కువగా స్పామ్‌లో పడుతున్నాయి, కొన్నైతే గుమ్మంలోంచే వెనక్కి వచ్చేస్తున్నాయి, మా ఐపీకి మంచి పేరు లేదట. దాంతో ఒక వెండర్ వచ్చి, మీ సర్వర్ మీ దగ్గరే ఉంచుకోండి, బయటికి వెళ్లే మెయిల్ మాత్రం మా రిలేకి, అంటే మెయిల్ అందుకుని ముందుకు పంపే మా సర్వర్‌కి, అప్పజెప్పండి, మా ఐపీల మీద మేం పంపిస్తాం అన్నాడు. రేటు కూడా పర్లేదు.

మా ఎండీ గారు ఒకటే అడిగారు, "అంటే మనం బయ్యర్‌కి పెట్టే రేట్లు మధ్యలో వాడు చూస్తాడా?" అని. వెండర్ ఏమో మొత్తం టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ సార్, దారిలో ఎవరూ చదవలేరు సార్, బ్యాంకులు వాడేది ఇదే సార్ అని తేల్చేశాడు. నాకు అది సగం జవాబులా అనిపించింది. మెయిల్స్‌లో రేట్లు ఉంటాయి, స్టాఫ్ పేస్లిప్పులు ఉంటాయి, బ్యాంక్ అకౌంట్ వివరాలు ఉంటాయి. ఇంకోటి, స్కాన్ చేసి మెయిల్ చేసే ప్రింటర్ ఒకటుంది, అది పాస్‌వర్డ్ ఏమీ లేకుండానే మా సర్వర్ గుండా పంపేస్తుంది. రిలే పెట్టాక దాని సంగతేంటి? నిజంగా మెయిల్ సర్వర్లు నడిపినవాళ్లు కాస్త చెప్పండి.

పోర్ట్25_పాతకాపు:

ఎండీ గారు సరైన ప్రశ్నే అడిగారు. చూడగలడు. చూస్తాడా లేదా అన్నది వాడి నిజాయితీ, మీ అగ్రిమెంట్, అంతే తప్ప టీఎల్ఎస్‌కి దాంతో సంబంధం లేదు.

టీఎల్ఎస్ అనేది రెండు సర్వర్ల మధ్య తీగకి మాత్రమే. మీ సర్వర్ నుంచి రిలే దాకా ఒక టీఎల్ఎస్ సెషన్, అక్కడితో అది అయిపోతుంది. రిలే దాన్ని విప్పి, మెయిల్ మొత్తాన్ని మామూలు అక్షరాల్లో తన క్యూలో రాసుకుని, వైరస్ స్కాన్ చేసి, సంతకం తగిలించి, అవతలి సర్వర్‌తో ఇంకో కొత్త టీఎల్ఎస్ సెషన్ తెరుస్తుంది. బయ్యర్ వాళ్లకి స్పామ్ ఫిల్టర్ గేట్‌వే ఉంటే అక్కడ మళ్లీ విప్పుడు, మళ్లీ కట్టుడు. ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేసినట్టు అనుకోండి, బస్సు తలుపు వేసే ఉంటుంది గానీ ప్రతి డిపోలో దించి ఎక్కించేవాడి చేతిలో పార్సిల్ పడుతుంది కదా. నమ్మకం కుదరకపోతే మీ సర్వర్‌లోనే చూడండి, క్యూలో ఇరుక్కున్న మెయిల్ ఏదో ఒకటి ఉంటుంది, రూట్‌గా లాగిన్ అయ్యి దాని క్యూ ఐడీతో పోస్ట్‌క్యాట్ కమాండ్ కొడితే సబ్జెక్ట్, బాడీ, అటాచ్‌మెంట్ అన్నీ తెర మీదకి వచ్చేస్తాయి. అవతలి సర్వర్ పలకకపోతే పోస్ట్‌ఫిక్స్ డీఫాల్ట్‌గా 5 రోజుల దాకా మెయిల్‌ని అలా క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ట్రై చేస్తుంది. రిలే వాడి దగ్గరా అదే కథ.

ఇంక ఆ తీగ మీదున్న టీఎల్ఎస్ కూడా వెండర్ చెప్పినంత గట్టిదేం కాదు. మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే పద్ధతి ఎస్ఎంటీపీ పుట్టింది 1982లో, అప్పుడు ఎన్‌క్రిప్షన్ ఊసే లేదు. స్టార్ట్‌టీఎల్ఎస్‌ని 1999లో పైనుంచి అతికించారు. ఎలా అతికించారంటే, రెండు సర్వర్లూ ముందు మామూలుగానే పలకరించుకుంటాయి, అవతలిది "నాకు స్టార్ట్‌టీఎల్ఎస్ వచ్చు" అని ఒక లైన్ చెప్తేనే ఇవతలిది ఎన్‌క్రిప్షన్‌కి మారుతుంది. మధ్యలో ఎవడైనా ఆ ఒక్క లైన్ చెరిపేశాడనుకోండి, పంపే సర్వర్ "ఓహో వీళ్లకి రాదేమో" అనుకుని మొత్తం ఓపెన్‌గా పంపేస్తుంది, ఎవరికీ ఎర్రర్ రాదు, యూజర్‌కి తెలిసే దారే లేదు. ఇదేదో పుస్తకాల్లో దాడి కాదు. 2015లో అమెరికా యూనివర్సిటీల వాళ్లూ గూగుల్ వాళ్లూ కలిసి కొలిస్తే, ట్యునీషియా నుంచి జీమెయిల్‌కి వచ్చే మెయిల్స్‌లో 96 శాతం ఇలా మధ్యలో ఎన్‌క్రిప్షన్ ఊడగొట్టబడి వస్తున్నాయని తేలింది. ఇంకో గమ్మత్తు, బ్రౌజర్ అయితే సర్టిఫికెట్, అంటే సర్వర్ గుర్తింపు కార్డు, తేడాగా ఉంటే ఎర్ర పేజీ చూపించి ఆపుతుంది, మెయిల్ సర్వర్లు మాత్రం డీఫాల్ట్‌గా ఎవరి సర్టిఫికెట్ అని కూడా అడగవు, ఏదో ఒకటి ఉంటే చాలు అనుకుని పంపేస్తాయి.

అయితే మీ విషయంలో ఒక మంచి సంగతి ఉంది. మీ నుంచి రిలే దాకా ఉన్న మొదటి అడుగు మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉంది, ఎందుకంటే ఎవరితో మాట్లాడాలో ముందే తెలుసు. పోస్ట్‌ఫిక్స్‌లో బయటికి వెళ్లే టీఎల్ఎస్ లెవెల్ "మే" అని ఉంటే అది కుదిరితే ఎన్‌క్రిప్ట్ చేయి లేకపోతే వదిలెయ్ అని అర్థం. "ఎన్‌క్రిప్ట్" అంటే ఎన్‌క్రిప్షన్ లేకుండా పంపదు గానీ అవతలివాడెవడో చూసుకోదు. రిలే కోసం "సెక్యూర్" లెవెల్ పెట్టండి, సర్టిఫికెట్‌లో పేరు సరిపోతేనే పంపుతుంది. పోర్ట్ (సర్వర్ తలుపు నంబర్) 25 కాకుండా 587 గానీ 465 గానీ వాడండి, 465లో మొదటి బైట్ నుంచే టీఎల్ఎస్ కాబట్టి ఆ లైన్ చెరిపేసే వేషాలు కుదరవు.

పేస్లిప్_రాజు:

ఇంత హైరానా ఎందుకండీ బాబూ, పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్ పంపిస్తే అయిపోయె. బ్యాంకులు స్టేట్‌మెంట్లు అలాగే పంపుతున్నాయి కదా, ఫారం 16 కూడా అలాగే వస్తుంది.

పోర్ట్25_పాతకాపు:

రాజు గారూ, బ్యాంకులు అలా పంపేది మెయిల్ దారిలో నమ్మకం లేకనే. పేస్లిప్పులకి ఓకే, చేయండి, మంచిదే. కానీ పాస్‌వర్డ్ పుట్టినతేదీ పెడితే దండగ. ఉద్యోగం చేసే వయసు వాళ్లందరినీ కలిపి 60 ఏళ్లు వేసుకున్నా మొత్తం తేదీలు 22 వేల లోపే, ఫైల్ చేతిలో ఉన్నవాడికి అన్నీ ట్రై చేయడం ఎంతో సేపు పట్టదు. ఇక బయ్యర్‌తో రేటు బేరం పీడీఎఫ్‌లో జరగదు, మెయిల్ బాడీలోనే "కిలోకి ఇంత తగ్గించండి" అని జరుగుతుంది. దానికి అసలు మందు పంపేవాడి నుంచి అందుకునేవాడి దాకా మెయిల్‌కి తాళం వేసే పీజీపీ, ఎస్‌మైమ్ లాంటివి, కానీ అవి పెట్టినా మామూలుగా సబ్జెక్ట్ లైనూ ఎవరు ఎవరికి రాశారన్నదీ బయటే ఉంటాయి, పైగా ఏ బయ్యర్ పర్చేజ్ మేనేజర్ మనకోసం కీ ఇన్‌స్టాల్ చేసుకుంటాడు చెప్పండి.

ఓరుగల్లు_రూట్:

అన్నా, అందరు సదువుతడా సదువడా అన్న కాడ్నే ఆగిన్రు. నన్నడిగితే రిలేతోని అసలు భయం అది కాదు. మీ పేరు మీద వేరేటోడు పంపుడు, గది భయం.

రిలేకి మీరు ఇచ్చేది మెయిల్స్ ఒక్కటే కాదు, మీ పేరు ఇస్తున్రు. ఎస్‌పీఎఫ్ రికార్డ్‌ల, అంటే మీ డొమైన్ పేరు మీద ఎవరెవరు పంపొచ్చో చెప్పే లిస్టుల, వాని ఐపీలన్ని "వీళ్లు మా మనుషులే" అని రాస్తరు, మెయిల్ మీద మీ డొమైన్ సంతకం పెట్టే డీకిమ్ కీ వాని దగ్గర పెడ్తరు. అంటే వాని తలుపు లూజ్‌గ ఉంటే, లోపటికి జొర్రినోడు మీ కంపెనీ సంతకంతోని మెయిల్ పంపుతడు, అవతలోనికి అన్ని చెకింగ్‌లు పచ్చగనే కనపడ్తయి.

2024ల ఇదే అయింది. ప్రూఫ్‌పాయింట్ అని పెద్ద మెయిల్ సెక్యూరిటీ కంపెనీ, దాని రిలే గుండా డిస్నీ, ఐబీఎం, నైకీ, కోకకోలా పేర్ల మీద ఫేక్ మెయిల్స్ పోయినయి, రోజుకి సగటున 30 లక్షలు. గార్డియో ల్యాబ్స్ వాళ్లు జులైల బయటపెట్టి దానికి ఎకోస్పూఫింగ్ అని పేరు పెట్టిన్రు. హ్యాకింగ్ అనేంత పెద్ద పని కూడ కాదు. ఆ కస్టమర్లు మైక్రోసాఫ్ట్ 365 వాడుతరు కాబట్టి రిలే సెటప్‌ల "మైక్రోసాఫ్ట్ 365 నుంచి వస్తే తీస్కో" అని టిక్ పెట్టుకున్నరు. కని మైక్రోసాఫ్ట్ 365 అంటే లోకంల అందరిది కదా, మోసగాళ్లు కూడ అండ్ల ఒక అకౌంట్ తీస్కొని, ఫ్రమ్ అడ్రస్‌ల డిస్నీ అని రాసి, ఆడికెళ్లి రిలేకి తోలిన్రు. రిలే ఏమనుకున్నది, మైక్రోసాఫ్ట్ ఐపీ, డిస్నీ పేరు, మా కస్టమరే అనుకొని నిఖార్సయిన డీకిమ్ సంతకం పెట్టి బయటికి పంపింది. తర్వాత ఏ టెనెంట్ (ఏ కంపెనీ 365 అకౌంట్) నుంచి వచ్చిందో హెడర్‌ల చూసి ఆపేటట్టు మార్చిన్రు.

కాబట్టి వెండర్‌ను టీఎల్ఎస్ ఉందా అని అడుగకుర్రి, అది అందరికి ఉంటది. "మాది అని మీరెట్ల గుర్తుపడ్తరు?" అని అడుగుర్రి. ఐపీ చూసి ఒక్కటేనా, లాగిన్ కూడనా? నా అకౌంట్‌తోని లాగిన్ అయినోడు నా డొమైన్ తప్ప వేరే డొమైన్ ఫ్రమ్‌ల పెడ్తే ఆపుతరా? వాని ఇంకో కస్టమర్ నా డొమైన్ పెడ్తే ఆపుతరా? ఈ ఆఖరుది మస్తు ముఖ్యం, షేర్డ్ ఐపీల మీద వంద కంపెనీలు ఉంటయి, అందరికి అదే ఎస్‌పీఎఫ్. 2024 జులైలనే అమెరికాల సెక్యూరిటీ లోపాలు చూసే సర్ట్ సీసీ వాళ్లు కూడ వార్నింగ్ ఇచ్చిన్రు, హోస్టింగ్ మెయిల్ సర్వీసుల్ల కొన్ని, లాగిన్ అయిన మనిషికి ఆ డొమైన్ మీద హక్కు ఉన్నదా లేదా అని సూస్తలేవని.

కాకినాడ_కేబుల్:

రూట్ అన్నా, ఇది నా బుర్రకి తట్టనే లేదు, థాంక్స్. ఎస్‌పీఎఫ్ రికార్డ్ తీసి చూశా, అందులో ఇప్పటికే చాలా ఇన్‌క్లూడ్‌లు, అంటే వేరేవాళ్ల లిస్టులు కలిపే లైన్లు, ఉన్నాయి, ఎప్పుడో వాడి మానేసిన న్యూస్‌లెటర్ సర్వీస్ కూడా ఉంది. అవి ఉంటే నష్టమా?

ఇంకోటి, మా డైరెక్టర్ గారొకరు కంపెనీ మెయిల్ మొత్తం ఆయన సొంత జీమెయిల్‌కి ఆటో ఫార్వర్డ్ పెట్టుకున్నారు. కొంతమంది బయ్యర్ల మెయిల్స్ ఆయనకి చేరట్లేదట. ఇది కూడా రిలే లాంటిదేనా? డీమార్క్, అంటే మా పేరుతో వచ్చిన మెయిల్ చెకింగ్‌లు తప్పితే ఏం చేయాలో చెప్పే రూల్, రిజెక్ట్ అని పెట్టేయమని వెండర్ అంటున్నాడు, పెడితే ఇంకా చెడుతుందేమో అని భయంగా ఉంది.

డాలస్_నైట్‌షిఫ్ట్:

కాకినాడ వాళ్లని చూసి ఆగలేక రాస్తున్నా, మాది పిఠాపురం, ఇక్కడ మెయిల్ ఆపరేషన్స్‌లోనే పని.

ముందు ఆ పాత న్యూస్‌లెటర్ ఇన్‌క్లూడ్ తీసేయండి. వాడకం మానేసినా వాళ్ల ఐపీలకి మీ పేరు మీద పంపే పర్మిషన్ ఇంకా ఉన్నట్టే. పైగా ఎస్‌పీఎఫ్ చెక్ చేసేటప్పుడు డీఎన్ఎస్ (డొమైన్ వివరాల పుస్తకం) లుకప్‌లు 10 దాటితే రికార్డ్ మొత్తం ఎర్రర్ కింద లెక్క, రిలే వాడి ఇన్‌క్లూడ్ లోపల ఇంకో మూడు నాలుగు ఇన్‌క్లూడ్‌లు దాగి ఉంటాయి కాబట్టి అవీ కలుపుకుని లెక్కేయాలి.

ఫార్వర్డింగ్ అంటే రిలేనే అండి, కాకపోతే ఎవరూ దాన్ని ఆ లెక్కన చూడరు. బయ్యర్ మెయిల్ మీ సర్వర్‌కి వచ్చింది, మీ సర్వర్ దాన్ని జీమెయిల్‌కి తోసింది. జీమెయిల్ చూసేది ఆఖరున తలుపు తట్టిన ఐపీ ఎవరిది అని. అది మీది. బయ్యర్ ఎస్‌పీఎఫ్‌లో మీ ఐపీ ఎందుకుంటుంది, ఫెయిల్. డీకిమ్ మాత్రం ఐపీని చూడదు, మెయిల్‌లో ఉన్న సంతకాన్ని చూస్తుంది కాబట్టి ఎన్ని సర్వర్లు మారినా బతుకుతుంది, కానీ మధ్యలో ఒక్క అక్షరం మారకూడదు. మన ఆఫీసుల్లో మెయిల్ కింద "ఈ సందేశం గోప్యం, మీది కాకపోతే డిలీట్ చేయండి" అని పది లైన్ల ఫుటర్ తగిలించే సరదా ఉంది కదా, గేట్‌వేలో అది వచ్చే మెయిల్స్‌కి కూడా తగులుతుంటే సంతకం విరిగిపోతుంది. ఎస్‌పీఎఫ్ పోయి డీకిమ్ పోయి, బయ్యర్ డొమైన్‌కి డీమార్క్ రిజెక్ట్ ఉందనుకోండి, జీమెయిల్ తిప్పి కొడుతుంది. మీ డైరెక్టర్ గారి సమస్య నాకు తెలిసినంతలో ఇదే అయ్యుండాలి, బౌన్స్ మెసేజ్ చూస్తే తెలిసిపోతుంది.

ఇదేం కొత్త గొడవ కాదు. 2014 ఏప్రిల్‌లో యాహూ వాళ్లు తమ డొమైన్‌కి రిజెక్ట్ పెట్టగానే ప్రపంచంలో ఉన్న మెయిలింగ్ లిస్టులన్నీ గోల పెట్టాయి, యాహూ మెంబర్ ఒకడు లిస్టుకి రాస్తే అది అందరికీ రిలే అయ్యి, తిరస్కరించబడి, పాపం మిగతా మెంబర్లకి బౌన్స్‌లు లెక్కపడి లిస్టు వాళ్లని తీసేసేది. అప్పట్నుంచే లిస్టులు ఫ్రమ్‌లో తమ అడ్రస్ పెట్టుకోవడం ఎక్కువైంది. 2019లో ఏఆర్‌సీ అని వచ్చింది, మధ్యలో ఉన్న సర్వర్ "నా దగ్గరికి వచ్చినప్పుడు సంతకాలు బాగానే ఉన్నాయి" అని తన సీల్ వేసి పంపుతుంది, అయితే ఆ సీల్ వేసినవాడిని అవతలివాడు నమ్మితేనే పని జరుగుతుంది, చిన్న కంపెనీ సీల్‌ని ఎవరు పట్టించుకుంటారు. మీ వరకైతే ఆటో ఫార్వర్డ్ తీసేసి, డైరెక్టర్ గారి ఫోన్‌లో కంపెనీ అకౌంటే డైరెక్ట్‌గా కాన్ఫిగర్ చేసి ఇవ్వండి, సెక్యూరిటీకి కూడా అదే మంచిది, లేకపోతే కంపెనీ రేట్లన్నీ ఎవరి కంట్రోల్‌లోనూ లేని ఒక సొంత మెయిల్‌బాక్స్‌లో పడి ఉంటాయి. రిలే వాడు చూస్తాడేమో అని భయపడుతున్న ఎండీ గారికి ఇది కూడా చెప్పండి.

డీమార్క్ మాత్రం ఒకేసారి రిజెక్ట్‌కి దూకకండి. "నన్" (ఏమీ ఆపొద్దు) పెట్టి రిపోర్టులు ఒక మెయిల్‌బాక్స్‌కి తెప్పించుకోండి, మీ పేరు మీద ఏ ఏ ఐపీలు పంపుతున్నాయో వాటిలో వస్తుంది, మీకే తెలియని సర్వర్లు కనీసం ఒకటో రెండో బయటపడతాయి, టాలీ నుంచి ఇన్‌వాయిస్ పంపేది ఒకటి, హెచ్ఆర్ వాళ్లు ఎవరికీ చెప్పకుండా కొన్న సాఫ్ట్‌వేర్ ఒకటి, అలా. అవన్నీ దారికి తెచ్చాక క్వారంటైన్ (స్పామ్‌లో వేయి), ఆ తర్వాత రిజెక్ట్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ బల్క్ సెండర్లకి డీమార్క్ తప్పనిసరి చేశాయి, జీమెయిల్ లెక్కలో బల్క్ అంటే రోజుకి 5000 మెయిల్స్, మీరు దాని కిందే ఉంటారు గానీ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ అయినా ఉండాలన్నది చిన్నవాళ్లకీ వర్తిస్తుంది.

ఒక హెచ్చరిక, ఎక్స్‌పోర్ట్ వాళ్లు కాబట్టి. "మా బ్యాంక్ అకౌంట్ మారింది, ఈసారి పేమెంట్ ఇక్కడికి వేయండి" అనే మోసాల్లో చాలావరకు రిలేతో పన్లేదు, మీ డొమైన్‌లో ఒక్క అక్షరం మార్చి కొత్త డొమైన్ కొనుక్కుంటారు, లేదా అకౌంటెంట్ మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్ కొట్టేసి అందులోంచే రాస్తారు. రెంటికీ డీమార్క్ పాస్ అవుతుంది. అకౌంట్ మార్పు అన్నది ఎప్పుడూ పాత ఫోన్ నంబర్‌కి కాల్ చేసి కన్ఫర్మ్ చేసుకోవాలని బయ్యర్లకి కాగితం మీద రాసివ్వండి. అనుమానం మెయిల్ వస్తే హెడర్లలో రిసీవ్డ్ లైన్లు కింది నుంచి పైకి చదవాలి, ప్రతి సర్వర్ తన లైన్ పైన చేరుస్తూ పోతుంది, కానీ నమ్మాల్సింది మీ సర్వర్ రాసిన పై లైన్లు మాత్రమే, కిందవి పంపినవాడు ఇష్టమొచ్చినట్టు కల్పించి పెట్టొచ్చు.

సొంతసర్వర్_సుబ్బయ్య:

నేనైతే ఒప్పుకోను. ఇన్ని తలనొప్పులు ఎందుకు, మంచి ఐపీ ఒకటి కొని, రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నుంచి పేరు చెప్పేది) పెట్టి, డైరెక్ట్‌గా పంపండి. మధ్యలో ఎవడూ ఉండడు, ఎవడూ చదవడు, ఎవడూ మీ కీ పెట్టుకోడు. మధ్యవర్తి తగ్గితే రిస్క్ తగ్గినట్టే.

పోర్ట్25_పాతకాపు:

సుబ్బయ్య గారూ, సగం నిజం. మధ్యవర్తి తగ్గితే చూసే కళ్లు తగ్గుతాయి, ఒప్పుకుంటా. కానీ అప్‌డేట్ ఎవరు చేస్తారు? ఈయన సర్వర్‌ని ఎవరూ ముట్టుకోవట్లేదని మొదటి పోస్ట్‌లోనే చెప్పారు.

2023 డిసెంబర్‌లో వచ్చిన ఎస్ఎంటీపీ స్మగ్లింగ్ గుర్తుందా? సెక్ కన్సల్ట్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు క్రిస్మస్ ముందు బయటపెట్టారు, సెలవుల్లో అడ్మిన్లందరికీ నిద్ర లేకుండా పోయింది. సర్వర్ నుంచి సర్వర్‌కి మెయిల్ పంపేటప్పుడు "ఇక్కడితో ఈ మెయిల్ అయిపోయింది" అని చెప్పడానికి ఒక లైన్‌లో ఒంటరిగా చుక్క పెడతారు. ఆ చుక్కకి ముందూ వెనకా లైన్ ముగింపు ఏ క్యారెక్టర్లతో ఉండాలో స్టాండర్డ్ స్పష్టంగానే చెప్తుంది, కానీ చాలా సర్వర్లు పోన్లే పాపం అని తప్పు రకాన్ని కూడా ఒప్పుకునేవి. దాడి చేసేవాడు మెయిల్ మధ్యలో ఆ తప్పు రకం చుక్క పెడతాడు. పంపే రిలే దాన్ని మామూలు టెక్స్ట్ అనుకుని అలాగే దాటించేస్తుంది. అందుకునే సర్వర్ మాత్రం మెయిల్ అయిపోయిందనుకుని, తర్వాత ఉన్నదాన్ని ఇంకో కొత్త మెయిల్ కమాండ్లలా చదువుతుంది. ఆ రెండో మెయిల్ ఫ్రమ్ వాడి ఇష్టం, వచ్చింది మాత్రం పేరున్న రిలే ఐపీ నుంచి, కాబట్టి ఆ రిలేని తమ ఎస్‌పీఎఫ్‌లో రాసుకున్న ఏ డొమైన్ పేరు పెట్టినా ఎస్‌పీఎఫ్ పాస్. రెండు సర్వర్లు విడివిడిగా చూస్తే బాగానే కనిపిస్తాయి, ఒకదాని పక్కన ఒకటి పెట్టినప్పుడు పుట్టిన కన్నం ఇది, నాకైతే రిలేల మీద చూసిన వాటిలో ఇదే అన్నిటికంటే తెలివైన దాడి. పోస్ట్‌ఫిక్స్, సెండ్‌మెయిల్, ఎగ్జిమ్ మూడు మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్లకీ ప్యాచ్‌లు వచ్చాయి. పోస్ట్‌ఫిక్స్ 3.9 నుంచి రక్షణ డీఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంది, అంతకు ముందు వెర్షన్ అయితే "బేర్ న్యూలైన్" ఫర్బిడ్ సెట్టింగ్ మీరే చూసుకోవాలి.

కాకినాడ గారూ, ముందు మీ వెర్షన్ ఎంతో చూడండి.

టోనర్_అయిపోయింది:

ప్రింటర్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నా సబ్జెక్ట్ అదే కాబట్టి నేను చెప్తా.

ప్రింటర్ పాస్‌వర్డ్ లేకుండా పంపగలుగుతోందంటే పోస్ట్‌ఫిక్స్‌లో మైనెట్‌వర్క్స్ అనే లిస్టులో మీ ఆఫీస్ నెట్‌వర్క్ రేంజ్ ఉంది, ఆ రేంజ్ నుంచి ఎవరొచ్చినా అడక్కుండా రిలే చేస్తుంది. అంటే ప్రింటరే కాదు, రిసెప్షన్‌లో వైరస్ పట్టిన కంప్యూటర్, వైఫైలో ఉన్న గెస్ట్ ఫోన్, అన్నీ. ఇప్పటిదాకా అలా వెళ్లిన చెత్త మీ ఐపీ పేరు మీద వెళ్లింది, అసలు మీ ఐపీ పేరు పాడవడానికి కారణం ఇదేనేమో ముందు లాగ్‌లో వెతకండి. రిలే పెట్టాక అదే చెత్తకి రిలే వాడు మీ డీకిమ్ సంతకం వేసి పంపుతాడు, ఒకట్రెండు రోజుల్లో మీ అకౌంట్ సస్పెండ్ చేస్తాడు, ఇన్‌వాయిస్‌లు కూడా ఆగిపోతాయి.

కొందరైతే ఏదో పనిచేయట్లేదని ఆ లిస్టులో 0.0.0.0/0 పెట్టేస్తారు, అంటే ప్రపంచం మొత్తానికీ తలుపు తీసినట్టు. పూర్వం అందరూ అలాగే ఉండేవాళ్లట, ఎవరి మెయిల్ అయినా ఎవరి సర్వర్ అయినా దాటించేది, అది మర్యాద కింద లెక్క. స్పామ్ పెరిగాక 1998లో సెండ్‌మెయిల్ 8.9తో డీఫాల్ట్‌గా రిలే బంద్ చేశారు. ఇప్పుడు డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ని విడి డబ్బాలో పెట్టి నడిపేది) మెయిల్ సర్వర్ పెట్టేవాళ్లకి మళ్లీ అదే రోగం వేరే దారిలో వస్తోంది, కొన్ని సెటప్‌లలో బయటి నుంచి వచ్చే కనెక్షన్లన్నీ డాకర్ లోపలి అడ్రస్ 172.17.0.1 నుంచి వచ్చినట్టు కనిపిస్తాయి, ఆ రేంజ్ మైనెట్‌వర్క్స్‌లో ఉంటే తెలియకుండానే ఓపెన్ రిలే.

మైనెట్‌వర్క్స్‌లో సర్వర్ సొంత అడ్రస్ 127.0.0.1 ఒక్కటి ఉంచి, ప్రింటర్‌కి ఫిక్స్‌డ్ ఐపీ ఇచ్చి ఆ ఒక్క ఐపీ చేర్చండి. ప్రింటర్ కొత్తదైతే యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌తో 587 మీదే పంపించండి, అప్పుడు అదీ అక్కర్లేదు. పాత మోడళ్లు టీఎల్ఎస్ 1.0 దగ్గరే ఆగిపోయి ఉంటాయి, దానికోసం సర్వర్ అంతటికీ పాత టీఎల్ఎస్ ఆన్ చేయకండి. స్కాన్‌లు ఆఫీస్ అడ్రస్‌లకే వెళ్లాలి, బయటికి వెళ్లకూడదు అని పెట్టగలిగితే ఇంకా మేలు. తర్వాత బయటి నెట్ నుంచి మీ సర్వర్ పోర్ట్ 25కి కనెక్ట్ అయ్యి, ఇంకెవరి డొమైన్‌కో పంపమని అడగండి, 554 రిలే యాక్సెస్ డినైడ్ అని రావాలి. చాలా నెట్‌వర్క్‌లు పోర్ట్ 25 బయటికి బ్లాక్ చేస్తాయి, కాబట్టి అసలు కనెక్టే అవ్వకపోతే సేఫ్ అనుకుని సంబరపడొద్దు, ఇంకో చోటి నుంచి చూడండి.

కాకినాడ_కేబుల్:

అప్‌డేట్. లాగ్ తీస్తే టోనర్ గారు చెప్పినట్టే ఉందండి, ప్యాకింగ్ సెక్షన్‌లో ఒక పాత కంప్యూటర్ రాత్రిళ్లు గుట్టలు గుట్టలుగా మెయిల్స్ తోలుతోంది. తీగ పీకేశాం. పోస్ట్‌ఫిక్స్ 3.4 అట, మార్చాలి.

వెండర్‌ని రూట్ అన్న ప్రశ్నలే అడిగాను. లాగిన్ తప్పనిసరి, ఐపీ కూడా లాక్ చేస్తాం, మీ డొమైన్ ఇంకో కస్టమర్ పెట్టలేడు అని రాతపూర్వకంగా ఇస్తానన్నాడు. లాగ్‌లు మాత్రం వారమే ఉంచుతాడట. మెయిల్ బాడీ ఎంతసేపు ఉంచుతారు అంటే డెలివరీ అయ్యాక తీసేస్తాం అన్నాడు. సరిపోతుందా? ఇంకా, ఇదంతా వెళ్లే మెయిల్ గురించే కదా, మాకు వచ్చే మెయిల్‌ని స్టార్ట్‌టీఎల్ఎస్ ఊడగొట్టకుండా ఆపే దారి ఏమైనా ఉందా?

డాలస్_నైట్‌షిఫ్ట్:

వారం చాలదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ సంస్థ సర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు ఉంచాలని ఉంది, ఏదైనా జరిగితే 6 గంటల్లో చెప్పాలని కూడా. వాడు ఉంచకపోతే మీ పోస్ట్‌ఫిక్స్ లాగ్ మీరు ఉంచుకోండి, రిలే మెయిల్ తీసుకున్నప్పుడు 250 కోడ్‌తో పాటు తన క్యూ ఐడీ కూడా సాధారణంగా చెప్తుంది, అది మీ లాగ్‌లో పడుతుంది, రేపు గొడవొస్తే అది పట్టుకునే అడగాలి. పేస్లిప్పులు వాడి గుండా వెళ్తాయి కాబట్టి అగ్రిమెంట్‌లో డేటా గురించి ఒక క్లాజ్ రాయించండి, 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం ప్రాసెసర్ (మీ తరఫున డేటా చూసుకునేవాడు) దగ్గర లీకైనా బాధ్యత కంపెనీ మీదకే వస్తుంది.

వచ్చే మెయిల్‌కి ఎంటీఏ ఎస్‌టీఎస్ పెట్టుకోండి, 2018లో స్టాండర్డ్ అయింది, జీమెయిల్ 2019 నుంచి పాటిస్తోంది. డీఎన్ఎస్‌లో ఒక చిన్న రికార్డ్, హెచ్‌టీటీపీఎస్ మీద ఒక టెక్స్ట్ ఫైల్, అందులో "మాకు మెయిల్ పంపేవాళ్లు ఈ పేరున్న సర్వర్‌కే, సరైన సర్టిఫికెట్ ఉంటేనే, టీఎల్ఎస్‌తోనే పంపాలి" అని ఉంటుంది. పంపే సర్వర్ దాన్ని చదివి గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో లైన్ చెరిపినా ఓపెన్‌గా పంపదు, ఆగుతుంది. డేన్ అని ఇంకో పద్ధతి ఉంది గానీ దానికి డీఎన్ఎస్‌సెక్ (డీఎన్ఎస్ జవాబులకి సంతకం) కావాలి, మీ డొమైన్ కొన్నచోట అది ఇస్తారో లేదో చూడాలి.

మీ సర్వర్‌కి ఇప్పుడున్న సర్టిఫికెట్ సెల్ఫ్ సైన్డ్ (సర్వర్ తనకి తానే ఇచ్చుకున్నది) అయ్యుండొచ్చు, పాతకాలం సెటప్‌లు అన్నీ అంతే. ముందు దాన్ని మార్చి, ఆ తర్వాత ఎస్‌టీఎస్ టెస్టింగ్ మోడ్‌లో పెట్టి, టీఎల్ఎస్ రిపోర్టులు కూడా ఆన్ చేయండి, గూగుల్, మైక్రోసాఫ్ట్ వాళ్లు రోజువారీ పంపుతారు. అందులో ఫెయిల్యూర్లు లేవని చూసుకున్నాకే ఎన్‌ఫోర్స్‌కి మార్చండి, సెల్ఫ్ సైన్డ్ ఉండగా ఎన్‌ఫోర్స్ పెడితే బయ్యర్ల మెయిల్స్ మీ గుమ్మం దాకా కూడా రావు.

ఓరుగల్లు_రూట్:

ఆ సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ల ఫ్రీగనే వస్తది, కని 90 రోజులకే అయిపోతది. రెన్యూ అయినంక పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ అయ్యేటట్టు హుక్ పెట్టుకోర్రి.